కడగని పసుపు

"అన్నీ తెచ్చుకోండి మేడమ్, పసుపు మాత్రం తేవద్దు" అన్నాడు ఫోన్‌లో అవతలి మనిషి.

ఎవరితో అంటున్నాడో అతనికి తెలియదు పాపం. ఆ సమయానికి మా వాకిట్లో ఉడికించిన పసుపు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఆరబోసి ఉంది. దాని నడుమ నిలబడి నేను మాట్లాడుతున్నాను. నా పాదాలు పసుపు, గోళ్ళు పసుపు, ఫోన్‌కు తొడిగిన కవరు కూడా పసుపే. బాల్కొండ దగ్గర తాతల నాటి నుంచి పసుపు పండించే ఇంటి కోడలిని పట్టుకుని పసుపు తేవద్దంటాడా! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఎందుకు తేవద్దు?" అన్నాను.

"మరకలు మేడమ్. హల్దీ ఫంక్షన్ అని వస్తున్నరు, పరుపులు, సోఫాలు, గోడలు అన్నీ ఖరాబ్ చేసి పోతున్నరు. కేకు కోసుకోండి, డాన్సులు చేసుకోండి, మాకేం ఇబ్బంది లేదు. పసుపు మాత్రం బంద్."

"పసుపుతోని ఇల్లు ఖరాబ్ గాదు. మనుషులు మంచిగ లేకుంటే ఖరాబైతది" అని ఫోన్ పెట్టేశాను.

సంగతి మొదటి నుంచి చెప్తాను. నా స్నేహితురాలు సుచిత్రకు పెళ్లి కుదిరింది. సుచిత్ర, హర్షిణి, నేను నిజామాబాద్‌లో డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో ఒకే గదిలో ఉన్నాం. హర్షిణి ఇప్పుడు అదే టౌన్‌లో బ్యాంకులో పనిచేస్తోంది. పెళ్లికి ముందు శని, ఆదివారాలు ముగ్గురం కలిసి ఏదైనా కొండ మీదికి పోయి గడపాలని దాని ఆలోచనే. బ్యాచిలరెట్ పార్టీ అని పేరు కూడా అదే పెట్టింది. మనకు దగ్గర్లో కొండంటే నిర్మల్ ఘాటు. ఈ మధ్య అక్కడ అడవి అంచున చెక్క ఇళ్ళు కట్టి అద్దెకిస్తున్నారు. వాటిలో మంచిది ఎంచే పని నాది. ఎవరూ అప్పగించలేదు, నేనే లాక్కున్నాను. ఇంకొకరు ఎంచితే నాకు నచ్చదు, తర్వాత రెండు రోజులూ సణుగుతాను, ఆ సంగతి అందరికంటే నాకే బాగా తెలుసు.

పసుపు కోసం నేనెందుకంత పట్టుబట్టానో చెప్పాలంటే సుచిత్ర ఇంటి సంగతి చెప్పాలి. వాళ్ళది బోధన్ పక్కన ఒక క్యాంపు. తాతల కాలంలో గుంటూరు వైపు నుంచి వచ్చి, కాలువ కింద భూములు కొనుక్కుని, అక్కడే ఇళ్ళు కట్టుకున్నారు. ఆ ఊళ్ళను ఇప్పటికీ క్యాంపులనే అంటారు. సుచిత్రకు ఒకసారి పెళ్లయింది. ఆ కాపురం నిలబడలేదు. అది పుట్టింటికి వచ్చి మూల కూర్చోలేదు. వరి, చెరుకు, కూలీలు, ట్రాక్టరు, అన్నీ తన చేతిలోకి తీసుకుంది. ఆ ట్రాక్టరు రిపేరుకు పోయే బోధన్ షెడ్డులోనే సతీష్‌బాబు పరిచయమయ్యాడు. షెడ్డు అతనిదే. నెమ్మదస్తుడు. రెండు ఇళ్ళవాళ్ళూ ఒప్పుకున్నారు.

ఒప్పుకున్నారు కానీ సుచిత్ర నాన్న రామకోటేశ్వరరావు గారు ఒక మాట పెట్టారు. గుళ్ళో దండలు మార్చుకుంటారు, వచ్చినవాళ్ళకు భోజనాలు పెడతాం, అంతే. పసుపు కొట్టడాలు, నలుగులు, పెళ్లికూతుర్ని చెయ్యడాలు ఏమీ ఉండవు. రెండోసారికి కూడా ఆ సంబరాలేమిటని క్యాంపులో నవ్వుతారట. వాళ్ళమ్మ సుబ్బరత్నం గారు అవుననలేదు, కాదనలేదు. ఆవిడ అలా ఊరుకున్నారంటే అవుననే లెక్క.

ఈ మాట సుచిత్ర నాకు ఫోన్‌లో నవ్వుతూనే చెప్పింది. చెప్పి, పెట్టేయబోయి మళ్ళీ అందుకుంది.

"మొదటిసారి పసుపు పూసినప్పుడు నాకేం తెలీదే అఖిలా. చల్లగా ఉంది, మంటగా ఉంది, అంతే. ఇప్పుడు తెలిసి చేసుకుంటున్నా. ఇప్పుడు పూస్తే బాగుండేది" అంది.

దాని నోట ఏదైనా కావాలన్న మాట నేను విన్నది చాలా తక్కువ. హాస్టల్లో చివరి ముద్ద కూడా పక్కవాళ్ళ కంచంలో వేసే మనిషి.

"నేను పూస్త. ఘాటు మీదికి పోతున్నం గద, అక్కడ పూస్త. నువ్వు తయారుగుండు" అన్నాను.

మా అత్త రాధాబాయికి చెప్పాను. చెప్తే ఏమంటుందో అని కొంచెం జంకు లేకపోలేదు. ఆమె వింటూ వింటూ ఆరబోసిన పసుపులో కూర్చుని కొమ్ములు ఏరడం మొదలుపెట్టింది. ఒక్కో కొమ్మును విరిచి లోపలి రంగు చూస్తోంది. నిజామాబాద్ మార్కెట్ యార్డులో, అదే గంజ్‌లో, వ్యాపారులు చూసినట్టే. నచ్చనిది పక్కకు, నచ్చింది ఒళ్ళోకి.

"ఏం చేస్తున్నవత్తా?"

"సూస్తలేవా? పెండ్లిపిల్లకు ఏది వడితె అది వెడ్తమా?" అంది.

మర్నాడు పొద్దున వాడకట్టులో అయిదుగురు ముత్తైదువలను పిలిచింది. రోలు కడిగి, రోకలికి మామిడాకులు, పసుపు కొమ్ము కట్టింది. అయిదుగురూ పాట అందుకుని, సుచిత్ర ముఖమైనా చూడనివాళ్ళు, దాని పేరు పాటలో పెట్టి మరీ పసుపు కొట్టారు. మా అత్త నాతో మాట్లాడేది తక్కువ, తిట్టేది ఎక్కువ. ఆ రోజు మాత్రం ఆమె కోడలినని చెప్పుకోవడానికి నాకు గర్వంగా అనిపించింది.

అలా కొట్టిన పసుపు డబ్బాలో ఉంది. దాన్ని రానిచ్చే ఇల్లే దొరకడం లేదు. ఒకరు పరుపులన్నారు, ఒకరు గోడలన్నారు. హర్షిణి విసుక్కుంది.

"పసుపు ఇడిసిపెట్టరాదే అఖిల! ఫొటోలు దిగుదాం, మంట పెట్టుకొని కూసుందాం. ఒక్కదాని కోసం అన్ని క్యాన్సిల్ చేస్తున్నవ్."

"ఆ ఒక్కదాని కోసమే పోతున్నం. కేకు నిజామాబాద్‌ల దొరకదా? దానికి కొండెందుకు?"

అది ఇంకో ఇంటి నంబరు వెతికి పంపింది. సుచిత్ర అన్న మాట దానికి కూడా తెలుసు.

ఫోన్‌లు లాభం లేదు, స్వయంగా పోయి చూద్దాం అన్నాను. మేం పసుపు అమ్మేవాళ్ళం. కొమ్ము విరిచి చూడకుండా మా సరుకు ఎవరూ కొనరు, ఫొటో చూసి మేమెందుకు కొనాలి? ఒక సెలవు రోజు హర్షిణిని కారెక్కించుకుని బయల్దేరాను. డ్రైవింగ్ నాదే. మా ఆయన వేణు పక్కన కూర్చుంటే బ్రేకు బ్రేకు అంటాడు కాబట్టి అతన్ని ఇంట్లోనే వదిలేశాను.

మొదటి ఇల్లు ఫొటోలో పొగమంచులో తేలుతున్నట్టు ఉంది. పోయి చూస్తే ఆ పక్క చేనులో మోళ్ళు తగలబెడుతున్నారు. ఆ పొగే ఈ పొగమంచు. హర్షిణి దగ్గుతూ కారులోకి వచ్చి కూర్చుంది.

రెండో ఇల్లు బాగుంది. అద్దాల గోడలు, పై అంతస్తులో పడక, కిందికి చూస్తే లోయంతా టేకు చెట్లు. హర్షిణి అప్పుడే సెల్ఫీలు మొదలుపెట్టింది. నేను పరుపు తట్టి చూశాను, నల్లాలు తిప్పి చూశాను, వంటింట్లో గిన్నెలు ఎత్తి చూశాను. అంతా సరిగ్గానే ఉంది. తలుపు వెనక మాత్రం ఒక బోర్డు. మందుకు సరే, మాంసానికి సరే, కుక్కపిల్లకు కూడా సరే. పసుపుకు మాత్రం పెద్ద ఎర్ర గీత.

"అన్న, కుక్కను రానిస్తరు, పసుపును రానియ్యరా?" అని అక్కడి మేనేజర్‌ను అడిగాను.

"కుక్క మరకలు పోతయ్ మేడమ్" అన్నాడు.

పసుపు మరకలు కూడా పోతాయి, ఎండలో వేస్తే చాలు, మా ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ మాట చెప్పబోయి మానేశాను. నచ్చజెప్పి, బతిమాలి, కళ్ళుగప్పి పూసే పసుపు నా స్నేహితురాలికి అక్కర్లేదు. హర్షిణిని రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చాను. అది వెనక్కి చూసుకుంటూనే వచ్చింది.

మూడో ఇంటికి దారి కూడా సరిగ్గా లేదు. కొండ వాలు మీద ఒక పెద్ద బండ, దాని మీద చెక్క ఇల్లు. అద్దాలు లేవు, రేకుల కప్పు. యజమాని ఈరవ్వ అనే పెద్దావిడ, ఆ వాకిట్లోనే మంచం వేసుకుని కూర్చుంది. భూమి ఆమెదట, కొడుకు ఇల్లు కట్టి అద్దెకు పెట్టాడట. హర్షిణి లోపలికి పోయి ముఖం ముడుచుకుని వచ్చింది. నేను లోపలికి పోనే లేదు. వాకిలి చూస్తూ నిలబడిపోయాను. మా కల్లం కంటే చదునైన బండ, మీద ఒక్క చెట్టు నీడ లేదు, తూర్పు ఎండ పొద్దున్నే వచ్చి నేరుగా పడుతుంది. ఊడ్చి ముగ్గేసి ఉంది. పెళ్లికూతుర్ని పీట మీద కూర్చోబెట్టాలంటే ఇంతకంటే మంచి చోటు ఎక్కడుంటుంది?

"అవ్వా, మేం పసుపు పూసుకుంటం. సరేనా?" అని అడిగాను.

"పసుపుకు సరేనా అని అడుగుతరా బిడ్డా? మంచిగ పూసుకోండ్రి, వాకిలి కళగుంటది" అంది ఈరవ్వ. "గని ఒక్కటి జెప్త. బోరు ఎండింది. ట్యాంకర్ నీళ్ళు. తాగనీకి ఇస్త, వండుకోనీకి ఇస్త, మొఖం కడుక్కోనీకి ఇస్త. తానాలకు మాత్రం లెవ్వు."

"నీళ్ళేంది అవ్వా, పసుపుకు సరే అన్నవ్, అది చాలు" అన్నాను. అక్కడికక్కడే బయానా చేతిలో పెట్టాను.

కారులో హర్షిణి ఆ అద్దాల ఇంటి గురించే గొణుగుతూ వచ్చింది. నేను గెలిచిన దానిలా ఈల వేసుకుంటూ నడిపాను. ఇంత తెలివైనదాన్ని, స్నానాలకు నీళ్ళు లేవన్న మాట ఏమిటో ఒక్క క్షణం ఆలోచించలేదు. మా ఇంట్లో పసుపు పనులు మొదలయ్యాక ఎవరమూ దాన్ని కడుక్కోవడం గురించి ఆలోచించం. చేతులకు ఉంటుంది, కాళ్ళకు ఉంటుంది, అలాగే అన్నం తింటాం, అలాగే గంజ్‌కు పోతాం, పంట అమ్ముడుపోయాక అదే పోతుంది. పసుపు పూయడం తప్ప కడగడం ఒక పని అని నా బుర్రకు తట్టనే లేదు.

శనివారం మధ్యాహ్నానికి ముగ్గురం ఘాటు ఎక్కాం. సుచిత్ర ఇంట్లో స్నేహితురాళ్ళతో పోతున్నానని మాత్రమే చెప్పి వచ్చింది. కారు దిగగానే బండ మీద చెప్పులు విడిచి, ఆ చివరి నుంచి ఈ చివరికి ఊరికే నడిచింది. సాయంత్రం కోడికూర వండాం. హర్షిణి తెచ్చిన పాటలకు గంతులేశాం, ఈరవ్వ మంచం మీద నుంచే చప్పట్లు కొట్టింది. సుచిత్ర నవ్వుతూ నవ్వుతూ అలసిపోయి బండ మీద వెల్లకిలా పడుకుంది. కూలీలు రాలేదనో, చెరుకు కోత ఆలస్యమైందనో ఒక్క ఫోన్ కూడా ఎత్తలేదు. దాన్ని అలా చూసి ఎన్నాళ్ళయిందో.

పొద్దున ఎండ బండ మీదికి రాగానే పీట వేశాను. సుచిత్ర పాత నూలు చీర కట్టుకుని వచ్చి కూర్చుంది. డబ్బా మూత తీస్తే ఆ వాసనకు ఈరవ్వ ముందుకు వంగింది.

"ఇది దుకాణంల పసుపు గాదు" అంది.

"మా అత్త చెయ్యి వడ్డది అవ్వా. అయిదుగురు కొట్టిన్రు" అన్నాను, మెడ కొంచెం నిక్కించే అన్నాను.

మొదటి చెయ్యి ఈరవ్వతో వేయించాను. తర్వాత నేను, తర్వాత హర్షిణి. పాదాల నుంచి మొదలుపెట్టి మోకాళ్ళు, చేతులు, మెడ, చెంపలు. హర్షిణి ఫొటోలు మరిచిపోయి చీర చెంగు నడుముకు దోపుకుని రెండు చేతులా పూసింది. సుచిత్ర కళ్ళు మూసుకుంది. మూసిన రెప్పల కిందినుంచి కన్నీళ్ళు వచ్చి పసుపులో గీతలు పెట్టాయి. నేను ఆ గీతల మీద మళ్ళీ పూశాను.

"చెవుల వెనక కూడా పుయ్యవే. అమ్మ అక్కడ మరిచిపోయేది కాదు" అంది.

పూశాం. ఆ ఎండలో అది మెరిసిపోయింది. దాన్ని చూసి నేను, ఇంత మొరటుదాన్ని, ముక్కు చీదుకున్నాను.

అప్పుడు హర్షిణి అడిగింది. "అఖిల, ఇప్పుడిది కడుక్కునేదెట్ల?"

ఈరవ్వ ముఖం చూశాను. ఆమె నా ముఖం చూసింది.

"ముందే జెప్పిన గద బిడ్డా" అంది.

హర్షిణి నడుం మీద చేతులు పెట్టుకుంది. "అద్దాల ఇంట్ల గీజర్ ఉండె" అంది. ఆ ఒక్క మాట అనడానికి అది వారం నుంచి కాచుకుని కూర్చున్నట్టుంది.

నేనూ తక్కువ తినలేదు. క్షణంలో దారి ఆలోచించాను. "పోయేటప్పుడు పోచంపాడ్ వస్తది గద. గోదావరిల తానం చేపిద్దాం. నీ గీజర్ల గోదావరి వస్తదా?" అన్నాను. హర్షిణికి కూడా ఆ మాట నచ్చింది. కారు సీటు మీద దుప్పటి పరిచి, సుచిత్రను ముందు కూర్చోబెట్టుకుని, ఈరవ్వ కాళ్ళకు మొక్కి దిగొచ్చాం.

పోచంపాడ్‌లో మెట్ల దగ్గర కారు ఆపాను. ఆదివారం కదా, జనం ఉన్నారు కానీ ఒక పక్క ఖాళీగానే ఉంది. తువ్వాలు, సబ్బు, పొడి చీర చేతబట్టుకుని దిగాను. హర్షిణి దిగింది. సుచిత్ర దిగలేదు.

"దిగవే" అన్నాను.

"అఖిలా, పసుపు పూశాక నీళ్ళెవరు పోస్తారు?"

"అమ్మ పోస్తది. ఏ?"

"మరి ఇక్కడ మా అమ్మేది?"

అది ఏమంటోందో నాకు అప్పుడు అర్థమైంది. ఎవరితోనైనా పోట్లాడమంటే నేను ముందుంటాను. ఇది మాత్రం నేను అనుకున్న దారి కాదు. ఎవరికీ తెలియకుండా దానికి కావలసింది ఇచ్చి, కడిగి, తుడిచి ఇంటి దగ్గర దించడం వరకే నేను అనుకున్నది.

"సుచీ, ఇట్లనే ఇంటికి పోతవా? మీ నాయిన చూస్తే? క్యాంపోళ్ళు చూస్తే?"

"చూడనీ." అది గోదావరి వైపు చూస్తూ మాట్లాడింది. గొంతు పెంచలేదు. "ఆ కాపురం వదిలేసి వచ్చిన రోజు నేను మా క్యాంపు బస్టాపులో దిగలేదు, తెలుసా? ముందే దిగి, మొహానికి చున్నీ చుట్టుకుని, చెరుకు తోటల గట్టు మీదుగా ఇంటికి పోయాను. ఎవరూ చూడకూడదని. నేనేం తప్పు చేశానని దాక్కున్నానే? ఇప్పుడు ఇది కూడా దాక్కుని పూయించుకుని, దాక్కుని కడుక్కుని పోతే, దానికీ దీనికీ తేడా ఏముంది?"

హర్షిణి తిరిగి కారెక్కింది. నేను తువ్వాలు, సబ్బు వెనక సీటులోకి విసిరేసి స్టీరింగ్ ముందు కూర్చున్నాను. చెప్పొద్దూ, ఆ క్షణంలో దాన్ని చూసి నాకు ఛాతీ ఉప్పొంగింది. దానికి పసుపు దొరకడం లేదని నేను జాలిపడుతూ ఇన్నాళ్ళు తిరిగాను. జాలిపడాల్సిన మనిషి కాదది.

ఆర్మూర్ దాటాం. నిజామాబాద్‌లో సిగ్నల్ దగ్గర ఆగితే స్కూటీ మీది అమ్మాయి కారులోకి చూసి, కళ్ళు పెద్దవి చేసి, బొటనవేలు పైకెత్తి చూపింది. సుచిత్ర అద్దం దించింది. మళ్ళీ పైకెత్తలేదు. బోధన్ రోడ్డులో చెరుకు బండి ఒకటి మా ముందు నెమ్మదిగా పోతోంది. దాని మీద కూర్చున్న మహారాష్ట్ర కూలీ ఆడవాళ్ళు వంగి చూసి, "నవరీ! నవరీ!" అని ఒకళ్ళకొకళ్ళు చూపించుకున్నారు. పెళ్లికూతురు అని. వాళ్ళకు ఇది మొదటి పెళ్లో రెండోదో ఏం తెలుసు? పెళ్లికూతురిని చూశారు, నవ్వారు. సుచిత్ర చెయ్యి బయటపెట్టి ఊపింది.

క్యాంపు మొదట్లో బస్టాపు రాగానే "ఇక్కడాపు" అంది.

"ఇంటిదాక పోతం గద?"

"ఇక్కడే ఆపు."

ఆపాను. అది దిగింది. చెప్పులు కారులోనే వదిలేసి, క్యాంపు నడివీధిలో ఒళ్ళంతా పసుపుతో నడిచింది. తల దించలేదు, గబగబా నడవలేదు. నేను, హర్షిణి వెనకాల. ఎవడైనా ఒక్క మాట అంటే నేను ఏం అనాలో అంతా నోట్లో పెట్టుకుని సిద్ధంగా ఉన్నాను. అరుగుల మీద మాటలు ఆగిపోయాయి. గేట్లు తెరుచుకున్నాయి. ఒకరిద్దరు మా వెనకే రావడం మొదలుపెట్టారు. ఎవరూ ఏమీ అనలేదు. నా తిట్లన్నీ నా దగ్గరే మిగిలిపోయాయి.

ఇంటి ముందు రామకోటేశ్వరరావు గారు కుర్చీలో పేపరు చదువుతున్నారు. సుబ్బరత్నం గారు చేటలో బియ్యం చెరుగుతున్నారు. కూతుర్ని చూడగానే ఆవిడ చేతిలో చేట ఆగిపోయింది.

"ఏంటే ఇది?" అన్నారు.

"పసుపమ్మా." సుచిత్ర నేరుగా పోయి వాకిట్లో పంపు పక్కన బట్టలుతికే బండ మీద కూర్చుంది. "పూయించుకున్నాను. నీళ్ళు పొయ్యి."

"ఎవరు పూయమన్నారు?"

"నేనే. నాకు కావాలనిపించింది."

రామకోటేశ్వరరావు గారు పేపరు దించారు. వీధిలో వాళ్ళు గేటు దాకా వచ్చేశారు. ఆయన వాళ్ళను చూశారు, కూతుర్ని చూశారు. ఏదో అనబోయి భార్య వైపు తిరిగారు.

సుబ్బరత్నం గారు లేచి వచ్చారు. కూతురి చెంప మీద వేలు పెట్టి, ఆ వేలిని దగ్గరగా చూసుకున్నారు. వాసన చూశారు. తర్వాత నన్ను చూశారు.

"మీ ఇంటి పసుపా అమ్మాయ్?"

"మా ఇంటిదే చిన్నమ్మా. మా అత్త ఏరింది. మా వాడకట్టుల అయిదుగురు ముత్తైదువలు రోట్ల కొట్టిన్రు. సుచిత్ర పేరు పెట్టి పాట వాడిన్రు." గొడవ పెట్టుకుందామని వచ్చినదాన్ని, నా గొంతు ఎందుకో బతిమాలుతున్నట్టు వచ్చింది.

"వాళ్ళకు మా పిల్ల తెలుసా?"

"తెల్వదు. పెండ్లిపిల్ల అని తెలుసు."

సుబ్బరత్నం గారు కొంగుతో ముఖం తుడుచుకున్నారు. వేలి పసుపు ఆవిడ ముఖానికి కూడా అంటింది.

"ఎవరో ముక్కూ మొహం తెలియని అయిదుగురు నా కూతురికి పసుపు కొట్టారు. నేను మాత్రం నలుగురూ నవ్వుతారని నోరు మూసుకుని కూర్చున్నాను" అన్నారు. మెల్లగా అనలేదు. గేటు దగ్గర వాళ్ళందరికీ వినబడేలా అన్నారు. తర్వాత మొగుడి వైపు తిరిగారు. "ఏవండీ, ఇంకా ఏం చూస్తున్నారు? కాగు కింద మంట పెట్టండి. పిల్ల చన్నీళ్ళు పోసుకుంటుందా?"

ఆయన పేపరు మడత పెట్టారు. ఒకసారి మడతపెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడతపెట్టారు. తర్వాత లేచి, పంచె ఎగ్గట్టుకుని, కట్టెల కోసం పెరట్లోకి పోయారు. కళ్ళజోడు తీసి, కళ్ళు ఒత్తుకుని, దాన్ని జేబులో పెట్టుకోవడం నేను చూశాను. ఇంకా పొయ్యి కూడా వెలిగించలేదు, పొగ ఎక్కడిది?

"మీరంతా గేటు దగ్గర నిలబడి ఏం చూస్తారు?" అని సుబ్బరత్నం గారు వీధివాళ్ళను కేకేశారు. "లోపలికి రండి. మా అమ్మాయి పెళ్లికూతురైంది. కడవలు నింపేవాళ్ళు కడవలు నింపండి, పాట వచ్చినవాళ్ళు పాట పాడండి."

మొదట ఒకావిడ గేటు దాటింది. తర్వాత ఇంకొకరు. చూస్తుండగానే వాకిలి నిండింది. ఎవరో పీట తెచ్చారు, ఎవరో సున్నిపిండి కోసం ఇంటికి పరుగెత్తారు. ఘాటు మీద మేం ముగ్గురం, ఈరవ్వ చేసిన దానికి ఇక్కడ పదింతలు సందడి. హర్షిణి నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. ఇద్దరం సుచిత్రనే చూస్తున్నాం. అది పీట మీద నిటారుగా కూర్చుంది, పొలం గట్టు మీద కూలీలకు పని చెప్పేటప్పుడు నిలబడుతుందే, అలా. దాని స్నేహితురాలిని నేను అని అందరికీ చెప్పాలనిపించింది. పక్కన నిలబడ్డ ఒకావిడకు చెప్పాను కూడా.

సుబ్బరత్నం గారు కూతురి చెవి వెనక వేలు పెట్టి చూశారు. అక్కడా పసుపు ఉంది. "ఇక్కడ కూడా పూశారే" అన్నారు. సంతోషమో, చిన్నబోవడమో, ఆ గొంతులో రెండూ ఉన్నాయి.

"అమ్మాయ్, ఆ పసుపు ఇంకా ఉందా?" అని నన్నడిగారు.

"కారులుంది చిన్నమ్మా" అన్నాను. హర్షిణి అప్పటికే పరుగెత్తింది.

అది బస్టాపు దగ్గరి కారులో నుంచి డబ్బా తెచ్చి మూత తీసేసరికి పెరట్లో నుంచి రామకోటేశ్వరరావు గారు గట్టిగా కేకేశారు. "నీళ్ళు కాగాయి! ఇంక తీసుకురానా?"

సుబ్బరత్నం గారు గాజులు పైకి తోసుకుని, డబ్బాలో చెయ్యి పెట్టి, కూతురి ముందు చతికిలబడ్డారు.

"ఆగండి. నేనింకా పూయలేదు" అన్నారు.